జాతివాచకం తవిటమ్మ

అసలు గొడవంతా బంగారం దగ్గర మొదలైంది. లోకంలో సగం గొడవలు అక్కడే మొదలవుతాయి గనక ఇందులో వింతేమీ లేదు. కాకపోతే ఈ బంగారం జిల్లా కార్యాలయంలో అటెండరు. వయసు యాభై రెండు, కుడికాలు కాస్త ఈడుస్తాడు.

ఎక్కడో కాలువ తవ్వుతుంటే లంకెబిందె దొరికింది. పై అధికారి ఫైలు మీద "బంగారమును తక్షణమే ఖజానాయందు భద్రపరచి, తాళము వేసి, సీలు వేయవలెను" అని రాశాడు. గుమాస్తా ఆజ్ఞను తు.చ. తప్పకుండా పాటించాడు. రెండు రోజుల తర్వాత ఖజానా తలుపు తీస్తే లోపలున్న బంగారం మంచినీళ్లు అడిగింది. లంకెబిందె మాత్రం ఆ రెండు రోజులూ వరండాలో అటెండరు స్టూలు మీదే కూర్చుంది. ఎన్నిసార్లు గంట కొట్టినా లేవడం లేదని దాని పేర మెమో కూడా తయారైంది.

విచారణకు కమిటీ వేశారు. కమిటీ ఆర్నెల్లు ఆలోచించి, తప్పు గుమాస్తాదీ కాదు, ఖజానాదీ కాదు, పేరుదని తేల్చింది. "పౌరులు సంజ్ఞావాచకములతో సరిపెట్టుకొనవలసియుండగా, ప్రజలందరి ఉమ్మడి ఆస్తియైన జాతివాచకములను అక్రమముగా ఆక్రమించి తరతరములుగా అనుభవించుచున్నారు" అని నివేదిక ఇచ్చింది. చెరువు ఆక్రమించినవాళ్లను ఏమీ చెయ్యలేకపోయిన ప్రభుత్వానికి, మాటలు ఆక్రమించినవాళ్లు దొరికేసరికి ప్రాణం లేచివచ్చింది. నామశుద్ధి శాఖ పుట్టింది. ప్రతి మండలానికీ ఒక యంత్రాన్ని పంపారు. దాని కడుపులో లక్ష మాటల నిఘంటువు ఉంటుంది. పేరు చెబితే అది ముందు అమ్మ, అయ్య, రావు, నాయుడు లాంటి తోకలు కత్తిరించేస్తుంది. శాఖ మొదటి మెమో ప్రకారం, మిగిలిన మొండెం నిఘంటువులో దొరికిందా, అది మనిషి కాదు, వస్తువు.

చీపుర్లవలసలో తవిటమ్మకి ఈ సంగతులేవీ తెలియవు. ఆవిడకి తెలిసిందల్లా రోడ్డు పక్క తన గుడిసె, గుడిసెని ఆనుకున్న సాల, సాలలో జూలీ అనే గేదె. ఏడాది కిందట పశువుల డాక్టరు వచ్చి గేదె చెవికి పసుపుపచ్చ బిళ్ల బిగిస్తూ పేరేమిటని అడిగాడు. "గేదికి పేరేటి బావూ, గేదే" అంది తవిటమ్మ. ఫారంలో గడి ఖాళీగా వదిలితే పైవాళ్లు ఊరుకోరని ఆయనే జూలీ అని రాసుకున్నాడు. ఆ పేరు తవిటమ్మకి నచ్చింది. గేదెకి ఇంకా నచ్చింది. పిలిస్తే పలికేది, తవుడు బుట్ట చేతిలో ఉంటే.

రోడ్డు వెడల్పు చేస్తామని, సోమవారానికల్లా గుడిసెలు ఖాళీ చెయ్యాలని దండోరా వేశారు. ముప్ఫయ్యారు గుడిసెలకీ మిట్ట మీద స్థలాలు చూపించారు. శుక్రవారం సభ పెట్టి పట్టాలు పంచుతారట. జాబితాలో ముప్ఫయ్యయిదు పేర్లే ఉన్నాయి. తవిటమ్మ మూడుసార్లు చదివించుకుంది. మూడుసార్లూ తన పేరు లేదు.

"నీ పేరు నామశుద్ధిలో ఆగిపోయిందత్తా" అన్నాడు వీఆర్వో సింహాచలం, గొంతు తగ్గించి. "నాదీ ఆగింది. ఆ పేరు ఇదివరకే ఒక కొండకి కేటాయించారట. కొండ దగ్గర్నుంచి అభ్యంతరం లేదని కాయితం తెమ్మన్నారు."

"కొండని అడిగినావేటి?"

"రెండుసార్లు ఎల్లొచ్చాను. ఏటీ అనలేదు. ఏటీ అనకపోతే ఒప్పుకున్నట్టేనని రాసి పంపాను. నువ్వెళ్లి ప్రత్యేకాధికారిని కలువు. మంచోడే గానీ, చదువుకున్నోడు."

ప్రత్యేకాధికారి పేరు మార్తాండం. తెల్లచొక్కా, బంగారు రంగు పెన్ను, బల్ల మీద చిన్న జెండా. మాట్లాడేటప్పుడు కూడా ఆయన వాక్యాలకి వరుస నంబర్లు వేస్తున్నట్టే ఉంటుంది. తవిటమ్మ నమస్కారం పెట్టగానే ఆయన యంత్రం వంక చూశాడు. యంత్రం కుయ్యిమంది.

"చూడమ్మా. నామవాచకం రెండు రకాలు. నది అంటే జాతివాచకం, నాగావళి అంటే సంజ్ఞావాచకం. జాతివాచకం అందరిదీ. సంజ్ఞావాచకం ఒక్కరిదే. అర్థమైందా? నీ విషయంలో సమస్యల్లా నువ్వు జాతివాచకం కావడమే."

తవిటమ్మకి మొదటి నాలుగు మాటలు అందలేదు గానీ ఆఖర్న జాతి అన్న మాట బాగా అందింది. ఆఫీసుల్లో ఆ మాట వినబడితే ఏం చెయ్యాలో ఆవిడకి తెలుసు. చెంగుముడి విప్పి, మడతలు నలిగిన కులం సర్టిఫికెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"మాది ఏ జాతో ఇందల రాసుంది బావూ. తాసిల్దారు సంతకం కూడా ఉంది."

మార్తాండం దాన్ని పురుగుని చూసినట్టు చూసి, ఒక్క వేలితో వెనక్కి నెట్టాడు. "ఆ జాతి కాదమ్మా. వ్యాకరణ జాతి."

"అది ఏ కులంలో ఒస్తాది బావూ? మా వాడలో ఆళ్లెవురూ నేరు."

"నీ పేరులోంచి అమ్మని తీసేస్తే ఏం మిగులుతుంది?"

"మాయమ్మని తీసేత్తే నానేటి మిగుల్తాను బావూ? ఆవిడే నన్ను బతికించింది" అంది తవిటమ్మ, నిజంగానే.

"తవుడు మిగులుతుంది!" అన్నాడు మార్తాండం. "తవుడు అనగా ధాన్యము దంచగా బియ్యము మీద నుండి రాలిన పొడి. నిఘంటువు, రెండవ సంపుటం. తవుడుకి ఇంటి స్థలం ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. బస్తాలో ఉంచడానికి మాత్రమే వీలుంది. ఇప్పుడు నా పేరు చూడు. మార్తాండుడు అంటే సూర్యుడు. సూర్యుడు ఒక్కడే. అదీ పేరంటే."

అని ఆయన ఒక పుస్తకం తిప్పి ముందుకి జరిపాడు. ఆమోదిత నామావళి. కమిటీ వారు ఏ భాషలోనూ ఏ అర్థమూ లేకుండా జాగ్రత్తపడి తయారుచేసిన పేర్లు. హ్రిద్విన్, జ్ఞ్విశ, త్ర్యంశిక, ఝ్యోష్ణి. ఇటీవల పుట్టిన పిల్లలకు తల్లిదండ్రులు ఎవరూ చెప్పకుండానే ఇలాంటివి పెట్టుకుంటున్నందుకు నివేదికలో ప్రజల్ని మెచ్చుకున్నారు కూడా.

"ఇందులో ఒకటి ఎంచుకో. శుక్రవారమే పట్టా. ఝ్యోష్ణి బాగుంటుంది, ఇంకా ఎవరూ తీసుకోలేదు."

తవిటమ్మ పలకడానికి ప్రయత్నించింది. తుమ్ము వచ్చింది. యంత్రం ఆ తుమ్ముని కూడా వెతికి, నిఘంటువులో ఉందని చెప్పింది.

"నా పేరు నానొగ్గను బావూ" అందావిడ, ముక్కు తుడుచుకుని. "మాయమ్మకి నాకంటే ముందు ముగ్గురు పుట్టినారు. ముగ్గురూ పురిట్లోనే పోనారు. నాను పుట్టినప్పుడు మంత్రసాని నన్ను సేటలో ఎట్టి గుమ్మంలో పెడితే, పక్కింటి పైడమ్మ గుప్పెడు తవుడిచ్చి కొనుక్కుంది. అప్పుడు యముడొచ్చి సూసినాడంట. ఈ గుంట ఈలది కాదు, అయినా గుప్పెడు తవుడు సెయ్యని గుంటకోసం ఇంత దూరం ఎందుకొచ్చానురా అని ఎలిపోనాడంట. అందుకే తవిటమ్మని. అరవయ్యేళ్లనించి ఆడికి కనపడకుండా ఈ పేరు మాటునే బతికేను. ఇప్పుడు ఈ తుమ్ము పేరెట్టుకుంటే దార్లో పోతూ, ఎవురో గొప్పింటిదని ఆగిపోడా?"

మార్తాండానికీ తల్లి ఉంది. కాని గుండె కరిగినప్పుడు వాడవలసిన ఫారం ఆయన దగ్గర లేదు. "యముని వ్యవహారం మన శాఖ పరిధిలోకి రాదమ్మా" అని ఫైలు కట్టేశాడు.

ఆ రాత ప్రకారం, సభ అయ్యాక వచ్చే సోమవారం పొక్లెయిన్ వస్తుంది. తవిటమ్మ గుడిసె పోతుంది, స్థలం రాదు. ముప్ఫయ్యారింటిలో ఒక్క ఆవిడకే రాదు. ఆ దిగులుతో ఆవిడ ఆ పూట గంజి కూడా తాగలేదు.

అయితే ఆవిడ ఒంటరితనం ఒక్క రాత్రే. మర్నాడు, మంగళవారం, రెండో మెమో దిగింది. "ఒకే నామమును ఒకరికంటె ఎక్కువమంది ధరించినచో, అట్టి నామము జాతివాచకముగా పరిగణింపబడును." మండలంలో అప్పలనాయుళ్లు ఎనభై నలుగురు. వాళ్లందరూ కలిసి ఒక జాతయ్యారు. ఒక అప్పలనాయుడికి జ్వరమొస్తే ఆసుపత్రివాళ్లు ఎనభై నాలుగో వంతు మాత్ర ఇచ్చారని చెప్పుకున్నారు. ముప్ఫయ్యయిదు పట్టాలూ టపటపా రాలిపోయాయి. ఊరు ఊరంతా తవిటమ్మ అరుగు మీద కూలబడింది.

బుధవారం మూడో మెమో వచ్చింది. శాఖ అన్యాయం చెయ్యదని రుజువు చేసుకోవాలి గదా. "జాతివాచకములకు శిక్ష వేసినప్పుడు సంజ్ఞావాచకములను గౌరవించుట ధర్మము. మండలమునందు ఒకే ఒక్కటిగా ఉండి, నిఘంటువునందు లేని ప్రతి నామమునకును అన్ని హక్కులును వర్తించును." యంత్రం మండలంలోని రిజిస్టర్లన్నీ జల్లెడ పట్టింది. కొత్తగా పుట్టిన హ్రిద్విన్‌లు, త్ర్యంశికలు ఉన్నారు గానీ పాలు తాగే వయసు. వయసొచ్చి, ఒకే ఒక్కటై, ఏ అర్థమూ లేని పేరు ఆ మండలం మొత్తానికి ఒక్కటే తేలింది. చెవి బిళ్ల నంబరుతో సహా. పశువుల రిజిస్టరులో వయసు గడిలో 'వయోజనురాలు' అని కూడా రాసుంది.

గురువారం పొద్దున్నే సింహాచలం సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. "అత్తా! పట్టా మంజూరైపోయింది!"

"నాకే?"

"నీకు కాదు. జూలీకి."

సాలలో జూలీ నెమరు ఆపి ఒకసారి చూసి, మళ్లీ మొదలుపెట్టింది.

"పోన్లే, దాని ఇంట్లో నానుంటాను. ఇన్నాళ్లూ నా ఇంట్లో అదుండలేదా" అంది తవిటమ్మ. ఆవిడకి పట్టింపుల్లేవు. తల మీద కప్పుంటే చాలు, అది ఎవరి పేరనుంటే ఏం?

సింహాచలం తల గోక్కున్నాడు. "కింద ఇంకో ముక్క రాసినారు. లబ్ధిదారు జూలీ గారి పోషణ నిమిత్తము, ఆమె ఆధీనములోనున్న తవుడును ఆమెకే మేతగా కేటాయించడమైనది. సదరు తవుడు పూర్తిగా వినియోగమైనట్లు వినియోగ ధ్రువపత్రము శుక్రవారం సభలో సమర్పించవలెను. అనంతరము తవుడు అను పద్దును అన్ని రికార్డుల నుండియు తొలగించవలెను."

"అంటే?"

"రేషను కార్డు, ఓటు, అన్నీ. జూలీ నిన్ను తినేసినట్టు ఆఫీసరు రాసిస్తాడు. ఆ తర్వాత ఏ కాయితంలోనూ నువ్వు నేవు."

తవిటమ్మ గుమ్మంలో చతికిలబడింది. అరవయ్యేళ్లుగా ఆవిడ ఎప్పుడూ తన పేరు గురించి ఏడవలేదు. ఇప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. "యముడికి దొరక్కుండా పెట్టింది మాయమ్మ ఈ పేరు. ఆడికి దొరకలేదు, ఆపీసుకి దొరికిపోనాను" అంది.

కాసేపటికి లేచింది. ధ్రువపత్రం ఇవ్వాలంటే సభకి లబ్ధిదారు రావాలి. లబ్ధిదారు రావాలంటే తవుడు బుట్ట ఉండాలి. ఎలాగూ పోయేదాన్నే, ఆ కాయితం నా ముందరే రాయమందాం అనుకుంది. బుట్ట నిండా తవుడు పోసుకుంది.

శుక్రవారం హైస్కూలు మైదానంలో షామియానా వేశారు. వేదిక మీద పూలదండ వేసిన యంత్రం, దాని పక్కన మార్తాండం. ముందు వరసలో లబ్ధిదారు కోసం ఒక కుర్చీ వేసి 'శ్రీమతి జూలీ గారు' అని అట్ట అంటించారు. జూలీ వచ్చి అట్ట తినేసింది. జనం చప్పట్లు కొట్టారు.

మార్తాండం గంటసేపు మాట్లాడాడు. చట్టం ముందు మాటలన్నీ సమానమేనని, అందుకే అధికారుల పేర్లనూ పరీక్షించాలని తానే స్వయంగా ప్రభుత్వానికి సిఫారసు చేశానని, ఆ ప్రకారం నాలుగో మెమో ఈ ఉదయమే అమల్లోకి వచ్చిందని చెప్పాడు. చెప్పి, పట్టా మీద ముద్ర వెయ్యడానికి గర్వంగా యంత్రం మీద బొటనవేలు పెట్టాడు.

యంత్రం కుయ్యిమంది.

ఆయన వేలు తుడుచుకుని మళ్లీ పెట్టాడు. అది మళ్లీ కుయ్యిమని, ఒక చీటీ కక్కింది. సింహాచలం దాన్ని మైకులో చదివాడు. చదవమని ఎవరూ చెప్పలేదు గానీ, మైకు చేతిలో ఉంది.

"మార్తాండం: సూర్యుడు. కమిటీ పండితుల అభిప్రాయం ప్రకారం ఆదిత్యులు పన్నెండుగురు. ఒకరికంటె ఎక్కువ గనుక జాతివాచకము. సదరు సూర్యుని నేటి సాయంత్రం ఐదు గంటలకు సౌరవిద్యుత్తు విభాగమునకు సరుకుగా అప్పగించవలెను. డాబా మీద పరిచి ఉంచవలెను. అభ్యంతరములున్నచో ఈలోగా మండలమందలి సంజ్ఞావాచకము ఎవరిచేతనైనను ముద్ర వేయించి అప్పీలు చేసుకొనవచ్చును."

మార్తాండం గడియారం చూశాడు. నాలుగున్నర. మండలంలోని సంజ్ఞావాచకం ముందు వరసలో తోక విసురుకుంటోంది.

ఆయన చేత్తోనే అప్పీలు రాసుకున్నాడు. స్టాంపు ప్యాడు పట్టుకుని వేదిక దిగాడు. "జూలీ గారూ, ఒక్కసారి తమ కాలు" అన్నాడు. జూలీ చెవి విదిలించింది. వంగాడు, బతిమాలాడు, కాలు పట్టుకున్నాడు. ప్రభుత్వోద్యోగంలో అది కొత్త పనేం కాదు గానీ, ఈ కాలు కదల్లేదు. నాలుగూ ముప్ఫయ్యయిదు.

"తవుడు సూపించందే అది అడుగెయ్యదు బావూ" అంది తవిటమ్మ, బుట్ట చంకన పెట్టుకుని.

మార్తాండం చొక్కా అంతా చెమట. "తవిటమ్మగారూ! తల్లీ! కొంచెం తవుడిప్పించండి!"

తవిటమ్మ కదల్లేదు. "ఏ తవుడు బావూ?"

"ఏ తవుడేమిటి, బుట్టలో ఉన్న తవుడు!"

"మరి ఇప్పుడు మీరు పిలిసిందెవుర్ని?"

"నిన్నేనమ్మా!"

"నానూ తవుడే గదా. మీరే రాసినారు. జూలీకి నన్ను పెట్టీమన్నారా, బుట్టలోది పెట్టీమన్నారా? సదువుకోనిదాన్ని, తేడా తెలీదు."

"అయ్యో, బుట్టలోది వస్తువమ్మా! నువ్వు మనిషివి! నువ్వు వేరు, తవుడు వేరు! ఈ మాత్రం ఎవరికి తెలియదు?"

"ఆ ముక్కే రాసీండి" అంది తవిటమ్మ. "మాటగా ఒద్దు, కాయితం మీద."

బంగారు రంగు పెన్ను మళ్లీ బయటికి వచ్చింది. ఇలా రాసింది. 'తవిటమ్మ తవుడు కాదు. తవిటమ్మ అను పేరు ఆమె తల్లి ఆమెకు పెట్టుకున్న పేరు.' తవిటమ్మ చదివించుకుని, గుప్పెడు తవుడు తీసి చూపించింది. జూలీ ఒక్క అడుగు ముందుకి వేసింది. గిట్ట ప్యాడు మీద పడింది, తర్వాత కాయితం మీద పడింది. యంత్రం ఒక్క క్షణం ఆలోచించి, జీవితంలో మొదటిసారి కుయ్యిమనకుండా తవిటమ్మ పేర పట్టా అచ్చేసింది.

మార్తాండం తన అప్పీలు ముందుకి చాచాడు. తవిటమ్మ వెనక్కి తిరిగి చూసింది. ముప్ఫయ్యయిదు గుడిసెలవాళ్లూ నిలబడి ఉన్నారు. "ఈలవీ రాసీండి బావూ. అప్పలనాయుడు అప్పలనాయుడే అని."

ఆయన రాస్తూ పోయాడు. ఒక్కొక్క కాయితానికి ఒక్కొక్క గుప్పెడు. కమిటీ ఆర్నెల్లలో కట్టిన కట్టడాన్ని జూలీ ఇరవై నిమిషాల్లో తొక్కేసింది. ముప్ఫయ్యారో పట్టా అయ్యేసరికి అయిదుకి రెండు నిమిషాలు. బుట్ట అడుగున ఒక్క గుప్పెడు మిగిలింది. జనంలోంచి ఎవరో "ఒద్దు, డాబా మీద పరిసీండి" అని అరిచారు. తవిటమ్మకీ ఆ మాట బాగానే అనిపించింది. కాని ఆ పెద్దమనిషి మొహం చూసింది. చేటలో పెట్టిన పిల్లలా బిక్కుబిక్కుమంటున్నాడు.

"గుప్పెడు తవుడికి బతికిపోవడం మాకలవాటే, బావూ" అని ఆ చివరి గుప్పెడు జూలీ ముందు పెట్టింది.

ఆ రోజు పని ముగించే ముందు మార్తాండం ఒక కాయితం మాత్రం పూర్తి చెయ్యక తప్పలేదు. మూడో మెమో ఇంకా అమల్లోనే ఉంది, వినియోగ ధ్రువపత్రం లేనిదే ఫైలు మూసుకోదు. ఖాళీ బుట్టను తనిఖీ చేసి, జూలీ మూతిని తనిఖీ చేసి, ఇలా రాశాడు:

'తవుడు పూర్తిగా వినియోగమైనది. తవిటమ్మ మిగిలియున్నది.'